పాలించే అర్హత ఎవరికి? – ప్లేటో జీవిత కథ

ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన ఇళ్లలోనూ, పార్కు బెంచీల మీదా, పెన్షన్ కోసం వెళ్లిన బ్యాంకు వరండాలోనూ ఒకే చర్చ నడుస్తుంది. చదువుకున్నవాడు గెలవాలా, డబ్బున్నవాడు గెలవాలా, జనం మెచ్చినవాడు గెలవాలా? ఒక గుమాస్తా ఉద్యోగానికి కూడా పరీక్ష, ఇంటర్వ్యూ, ప్రొబేషన్, డిపార్టుమెంటల్ టెస్టులు పెట్టే ప్రభుత్వంలో, ఆ ప్రభుత్వాన్నే నడిపేవారికి ఏ అర్హతా అక్కర్లేదా అని సర్వీసులో ఉన్న రోజుల్లో ఒక్కసారైనా అనుకోనివారు మనలో తక్కువ.

ఈ ప్రశ్న మనతో పుట్టింది కాదు. సుమారు 2400 సంవత్సరాల కిందట గ్రీసు దేశంలోని ఏథెన్స్ నగరంలో ఒక మేధావి తన ఎనభై ఏళ్ల జీవితంలో అధిక భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాడు. ఆయనే ప్లేటో. ఉర్దూ వచ్చిన మిత్రులకు ఆయన అఫ్లాతూన్ అనే పేరుతో పరిచయం. తానే మహా మేధావినని విర్రవీగేవాణ్ణి వెక్కిరించడానికి ఆ మాట వాడటం మనం విన్నదే. అసలు అఫ్లాతూన్ జీవితం మాత్రం వెక్కిరింతకు అందేది కాదు. ఎన్నో ఆశలు పెట్టుకుని, అన్నీ కూలిపోతుంటే చూసి, చివరికి తన అభిప్రాయాలను తానే సవరించుకున్న మనిషి కథ అది.

పుట్టుక, కుటుంబం

ప్లేటో క్రీ.పూ. 427 ప్రాంతంలో జన్మించాడు. తండ్రి అరిస్టన్, తల్లి పెరిక్టియోని. ఏథెన్స్‌కు పూర్వం చట్టాలు చేసిపెట్టిన సోలన్ వంశంతో తల్లికి బంధుత్వం ఉంది. గ్లాకన్, అడైమాంటస్ అని ఇద్దరు అన్నదమ్ములు, పొటోని అని ఒక అక్కచెల్లెలు ఉండేవారు. తండ్రి పోయాక తల్లి పిరిలాంపీస్ అనే ఆయనను వివాహం చేసుకుంది. ఆయన ఆనాటి మహానాయకుడు పెరిక్లీస్‌కు స్నేహితుడు, పర్షియా చక్రవర్తి దగ్గరకు రాయబారిగా వెళ్లి వచ్చినవాడు. అంటే ప్లేటో పెరిగిన ఇంట్లో రాజకీయం అన్నంలో ఉప్పులా కలిసిపోయి ఉండేది. తాతగారి పేరున అరిస్టోక్లీస్ అని పెట్టారనీ, కుస్తీలో ఆరితేరిన విశాలమైన భుజాల వల్ల వెడల్పు అనే అర్థం వచ్చే ప్లేటో అన్న పేరు స్థిరపడిందనీ తరువాతి కాలపు చరిత్రకారులు రాశారు.

ఆయన పుట్టేనాటికి ఏథెన్స్‌కూ స్పార్టాకూ యుద్ధం మొదలై నాలుగేళ్లయింది. క్రీ.పూ. 431లో ప్రారంభమైన ఆ పెలొపొనీసియన్ యుద్ధం 404 దాకా సాగింది. నగరంలో భయంకరమైన అంటువ్యాధి ప్రబలి, క్రీ.పూ. 429లో పెరిక్లీస్ కూడా మరణించాడు. ప్లేటో బాల్యం, యవ్వనం మొత్తం యుద్ధం నీడలోనే గడిచాయి.

లాటరీతో ఉద్యోగాలు

ఆనాటి ఏథెన్స్‌లో ప్రజాస్వామ్యం ఉండేది. అది మన పద్ధతి కాదు. ప్రజలు ప్రతినిధులను ఎన్నుకుని ఊరుకోరు. తామే కొండ మీద సభ చేరి చేతులెత్తి నిర్ణయాలు చేసేవారు. రోజువారీ వ్యవహారాలు చూసే 500 మంది మండలి సభ్యులను, చాలామంది అధికారులను చీట్లు వేసి ఎంపిక చేసేవారు. పదవి ఒక్క ఏడాదే. పది మంది సేనానులను మాత్రం ఓటుతో ఎన్నుకునేవారు. యుద్ధం చేయించే పని చీటీకి వదిలేస్తే ప్రమాదమని వారికి కూడా తెలుసు.

చీటీలో పేరు వచ్చినంత మాత్రాన కుర్చీలో కూర్చోబెట్టేవారు కాదు. ముందుగా విచారణ ఉండేది. మీ తల్లిదండ్రులెవరు, వారిని సరిగా చూసుకుంటున్నారా, పన్నులు కట్టారా, సైన్యంలో పనిచేశారా అని అడిగేవారు. పదవీకాలం ముగిశాక లెక్కలు అప్పగించాలి. ఆడిట్ అభ్యంతరాలు తేలేదాకా మన పెన్షన్ కాగితాలు ఎలా కదలవో, అక్కడ కూడా లెక్క తేలేదాకా మనిషికి విడుదల లేదు. అయితే ఆ విచారణలో ఒక ప్రశ్న మాత్రం ఉండేది కాదు. ఈ పని చేయడం మీకు వచ్చా అని ఎవరూ అడిగేవారు కాదు. ప్లేటో గురువు సోక్రటీస్ పట్టుకున్నది సరిగ్గా ఆ లోపాన్నే. చెప్పులు కుట్టించుకోవడానికి పనివాడిని వెతుకుతాం, జబ్బు చేస్తే వైద్యుణ్ణి వెతుకుతాం, మరి నగరాన్ని నడపడానికి ఎవరైనా సరిపోతారా అని ఆయన వీధుల్లో నిలబడి వాదించేవాడు.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. ఈ ప్రజాస్వామ్యంలో స్త్రీలకు, బానిసలకు, బయటి ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడ్డవారికి చోటు లేదు.

రెండు పాలనలు, రెండు గాయాలు

క్రీ.పూ. 406లో అర్గినూసే దగ్గర సముద్ర యుద్ధంలో ఏథెన్స్ గెలిచింది. కాని తుఫాను వల్ల, మునిగిపోయిన ఓడల్లోని తమ నావికులను కాపాడలేకపోయారు. ప్రజాసభ ఆగ్రహించి ఎనిమిది మంది సేనానులను, ఒక్కొక్కరిని విడిగా విచారించాలన్న చట్టాన్ని తోసిరాజని, ఒకే ఓటుతో దోషులుగా తేల్చింది. చేతికి దొరికిన ఆరుగురికి మరణశిక్ష పడింది. ఆనాడు మండలిలో విధి నిర్వహణలో ఉన్న సోక్రటీస్ దానికి ఒప్పుకోలేదు. ఆయన మాట ఎవరూ వినలేదు. తరువాత ప్రజలు పశ్చాత్తాపపడ్డారు గానీ, పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు. అప్పటికి ప్లేటోకు ఇరవై దాటాయి.

క్రీ.పూ. 404లో ఏథెన్స్ లొంగిపోయింది. స్పార్టా అండతో ముప్పయి మంది పెద్దమనుషుల పాలన ఏర్పడింది. వారి నాయకుడు క్రిటియాస్ ప్లేటో తల్లికి దగ్గరి బంధువు. మేనమామ చార్మిడీస్ కూడా ఆ ప్రభుత్వంలో పనిచేశాడు. ఇద్దరూ చదువుకున్నవారు, సోక్రటీస్ చుట్టూ తిరిగినవారే. వచ్చి కలవమని ప్లేటోకు పిలుపు వచ్చింది. మూకల పాలన పోయి తెలివైనవారి పాలన వచ్చిందని ఆయన నిజంగానే ఆశపడ్డాడు.

ఆ ఆశ కొన్ని నెలలు కూడా నిలవలేదు. ముప్పయి మంది తమకు గిట్టనివారిని, ఆస్తి ఉన్నవారిని పట్టి చంపించసాగారు. దాదాపు 1500 మంది బలయ్యారని అరిస్టాటిల్ పేరుతో దొరికిన గ్రంథం చెబుతుంది. సలామిస్ వాసి లియోన్ అనే నిరపరాధిని పట్టి తెమ్మని సోక్రటీస్‌తో పాటు మరి నలుగురిని ఆజ్ఞాపించారు. ఆ నలుగురూ వెళ్లారు. సోక్రటీస్ మాత్రం నేరుగా ఇంటికి వెళ్లిపోయాడు. పై అధికారి చెప్పిన తప్పుడు పనికి సంతకం పెట్టకుండా ఫైలు పక్కన పెట్టే ధైర్యం ఎంత అరుదైనదో మనకు తెలియనిది కాదు. ప్లేటో తన బంధువుల ప్రభుత్వం నుంచి సిగ్గుతో తప్పుకున్నాడు. ఆ పాలన ఎనిమిది నెలల్లో కూలింది. క్రిటియాస్, చార్మిడీస్ ఇద్దరూ క్రీ.పూ. 403లో ఒకే పోరులో చనిపోయారు.

మళ్లీ వచ్చిన ప్రజాస్వామ్యం పాత పగలు తవ్వకూడదని క్షమాభిక్ష ప్రకటించి, మొత్తం మీద సంయమనం చూపింది. ప్లేటోకు తిరిగి ప్రజాజీవితం మీద మనసు మళ్లింది. అంతలోనే క్రీ.పూ. 399లో ఆ ప్రజాస్వామ్యమే సోక్రటీస్‌ను కోర్టుకు ఈడ్చింది. నగర దేవతలను గౌరవించడం లేదని, యువకులను చెడగొడుతున్నాడని అభియోగం. సుమారు 500 మంది న్యాయ నిర్ణేతలు స్వల్ప తేడాతో దోషి అన్నారు. జరిమానాతో సరిపెడితే ఆ సొమ్ముకు తాము హామీ ఉంటామని ముందుకు వచ్చిన మిత్రుల్లో ప్లేటో ఒకడు. అయినా మరణశిక్ష పడింది. గురువు జైలులో విషం తాగిన రోజున ప్లేటో జబ్బుతో ఉండి అక్కడికి వెళ్లలేకపోయాడు.

కొద్దిమంది పాలనలో అన్యాయం చేసింది తన సొంత బంధువులు. అందరి పాలనలో గురువును చంపింది తన సొంత నగరం. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ఈ రెండూ చూసినవాడికి ఇక ఏ పార్టీలో చేరాలన్నది కాదు ప్రశ్న. అసలు పాలన అనే పని ఎవరి చేతికి ఇవ్వాలి అన్నదే ప్రశ్న.

దేశాటన, మొదటి సిసిలీ ప్రయాణం

సోక్రటీస్ మరణానంతరం ప్లేటో కొందరు మిత్రులతో పొరుగునున్న మెగారాకు వెళ్లాడు. తరువాత కొన్నేళ్లకు, నలభై ఏళ్ల వయసులో, ఇటలీ దక్షిణ భాగానికి ప్రయాణమయ్యాడు. అక్కడ టారెంటమ్ నగరంలో ఆర్కిటాస్ అనే గణిత శాస్త్రవేత్త పరిచయమయ్యాడు. ఆయన గొప్ప గణితవేత్త, పైథాగొరస్ సంప్రదాయానికి చెందినవాడు. తన నగర ప్రజలు మళ్లీ మళ్లీ ఎన్నుకున్న సేనాని కూడా. జ్ఞానం, అధికారం ఒకే మనిషిలో కలిసి ఉండగలవని ప్లేటోకు కళ్లెదుట కనిపించిన ఉదాహరణ అది.

అక్కడి నుంచి సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్‌కు వెళ్లాడు. ఆ నగరాన్ని మొదటి డయోనీసియస్ అనే నియంత ఏలుతున్నాడు. రోజుకు రెండు పూటలా మెడ దాకా తినడం, విలాసాల్లో మునిగి తేలడం చూసి, ఇలా బతికేవారికి వివేకం ఎలా అబ్బుతుందని ప్లేటో నొచ్చుకున్నాడు. కాని అక్కడే డియోన్ అనే ఇరవై ఏళ్ల యువకుడు దొరికాడు. అతడు నియంతకు బావమరిది. ప్లేటో మాటలు విని ఒక్కసారిగా మారిపోయి, నియమంగా బతకడం మొదలుపెట్టాడు. నియంతకు మాత్రం ఈ అతిథి నచ్చలేదు. తిరుగు ప్రయాణంలో ప్లేటోను ఈజీనా ద్వీపంలో బానిసగా అమ్మించాడనీ, సైరీన్ నగరవాసి అన్నికెరిస్ అనే ఆయన సొమ్ము కట్టి విడిపించాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది.

ఆలివ్ తోటలో బడి

ఏథెన్స్‌కు తిరిగి వచ్చాక, క్రీ.పూ. 387 ప్రాంతంలో, నగర ద్వారానికి వాయవ్యంగా సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక తోట దగ్గర ప్లేటో విద్యాకేంద్రం స్థాపించాడు. అకాడమస్ అనే పురాణ వీరుడి పేరున ఆ తోటను అకాడమీ అనేవారు. సోఫిస్టులు అనే ఉపాధ్యాయులు అప్పట్లో పెద్ద పెద్ద ఫీజులు తీసుకుని, సభలో గెలిచేలా మాట్లాడటం నేర్పేవారు. ప్లేటో ఫీజు పెట్టలేదు. మాట్లాడటం కన్నా ముందు లెక్కలు, క్షేత్ర గణితం, ఖగోళం నేర్పించాడు. గణితంలో దొంగ జవాబు నిలవదు, ఎంత గొంతు చించుకున్నా తప్పు ఒప్పు కాదు. ఆ క్రమశిక్షణ అలవడినవాడే రాజ్య వ్యవహారాల్లో నిజం చూడగలడని ఆయన నమ్మకం. లాస్థెనియా, ఆక్సియోథియా అనే ఇద్దరు స్త్రీలు కూడా ఆయన దగ్గర చదివినట్టు చెబుతారు. క్రీ.పూ. 367లో పదిహేడేళ్ల కుర్రవాడొకడు ఉత్తర గ్రీసు నుంచి వచ్చి చేరి ఇరవై ఏళ్లు ఉండిపోయాడు. అతడే అరిస్టాటిల్.

సాహిత్య అకాడమీ అన్నా, హైదరాబాదులోని పోలీసు అకాడమీ అన్నా, ఐఏఎస్ అధికారులకు శిక్షణ ఇచ్చే ముస్సోరీ అకాడమీ అన్నా ఆ పేరు ఈ తోట నుంచి వచ్చిందే. పాలించేవారికి ముందుగా శిక్షణ ఉండాలన్న ప్లేటో ఆలోచనకు ఆ తోట పేరే నిలిచింది.

రిపబ్లిక్: ఆయన కలగన్న రాజ్యం

ప్లేటో గ్రంథాలన్నీ సంభాషణల రూపంలో ఉంటాయి. చాలావాటిలో సోక్రటీసే ప్రధాన పాత్ర. వీటిలో ప్రసిద్ధమైనది రిపబ్లిక్. మన సభ్యులకు ఒక విషయం ఆసక్తిగా ఉంటుంది. పది భాగాల ఈ మహాగ్రంథం ఒక వృద్ధుడి ఇంట్లో, వృద్ధాప్యం గురించిన ముచ్చటతో మొదలవుతుంది. కెఫాలస్ అనే ఆ పెద్దాయన సిరక్యూస్ నుంచి వచ్చి ఏథెన్స్‌లో స్థిరపడ్డ డాళ్ల తయారీదారు. ముసలితనం బరువు కాదని, స్వభావం మంచిదైతే ఏ వయసైనా తేలికేనని, డబ్బు వల్ల అసలు ప్రయోజనం ఎవరికీ బాకీ పడకుండా వెళ్లిపోగలగడమని ఆయన భావం. అయితే ఆనాటి పాఠకులకు ఇంకొకటి తెలుసు. ఆ ఇంటినే తరువాత ముప్పయి మంది దోచుకున్నారు. కెఫాలస్ కొడుకు పోలిమార్కస్‌కు విచారణ లేకుండా విషం తాగించారు. తన బంధువులు నాశనం చేసిన ఇంట్లోనే ప్లేటో న్యాయం గురించిన చర్చను కూర్చోబెట్టాడు.

అక్కడ త్రాసిమాకస్ అనే సోఫిస్టు న్యాయమంటే బలవంతుడి లాభమేనని వాదిస్తాడు. దానికి సోక్రటీస్ వైద్యుణ్ణి చూపిస్తాడు. వైద్యుడు వైద్యుడిగా పనిచేసేది రోగి మేలు కోసం; పాలకుడు పాలకుడిగా పనిచేసేది ప్రజల మేలు కోసం; తన లాభం చూసుకునేవాడు ఆ క్షణంలో పాలకుడు కాడు.

మరోచోట ఒక ఓడ ఉపమానం వస్తుంది. ఓడ యజమాని బలవంతుడే గానీ కొంచెం చెవుడు, కొంచెం చత్వారం, నావికా విద్య అంతంత మాత్రం. సరంగు పని నాకంటే నాకని నావికులు కొట్టుకుంటారు. ఆ విద్య నేర్చుకున్నవాడు వారిలో ఒక్కడూ లేడు. యజమానికి మత్తుమందు పట్టించి, సరుకు తిని తాగి ఓడను తమ ఇష్టం వచ్చినట్టు నడుపుతారు. నక్షత్రాలు, గాలులు, రుతువులు తెలిసిన అసలు సరంగును ఆకాశం చూస్తూ కూర్చునే పనికిరానివాడని ఎగతాళి చేస్తారు. ఇక్కడ యజమాని ప్రజలు, నావికులు నాయకులు.

మరి అసలు సరంగును తయారు చేయడం ఎలా? ప్లేటో ఒక పాఠ్య ప్రణాళికనే రాసిపెట్టాడు. చిన్నతనంలో సంగీత సాహిత్యాలు, వ్యాయామం. ఇరవై నుంచి ముప్పయి దాకా గణిత శాస్త్రాలు. ముప్పయి నుంచి ముప్పయి అయిదు దాకా తర్కం. తరువాత పదిహేనేళ్లు కింది స్థాయి పదవుల్లో, యుద్ధంలో అనుభవం. అడుగడుగునా పరీక్షలు. అన్నిటిలో నిలబడినవారు యాభై ఏళ్లకు పాలనకు అర్హులు. మగవారికే కాదు, శక్తి ఉన్న స్త్రీలకు కూడా ఇదే దారి.

కాని ఆ పదవిలో సుఖం లేదు. పాలకులకు సొంత ఇల్లు ఉండదు, పొలం ఉండదు, బంగారం ముట్టరాదు. అందరూ కలిసి ఒకే చోట భోజనం చేయాలి. చివరికి భార్య నాది, బిడ్డ నావాడు అనుకునే వీలు కూడా లేదు. అధికారం ఒక చేతిలో, ఆస్తి ఒక చేతిలో ఉంటే కాపలా కుక్క తోడేలవుతుందని ఆయన భయం. పదవి కోసం పాకులాడేవాడికి పదవి ఇవ్వకూడదన్నది ఇంకొక సూత్రం. మంచివాడు పాలనకు ఒప్పుకునేది ఆశతో కాదు, తాను కాదంటే తనకన్నా అధముడి కింద బతకవలసి వస్తుందన్న భయంతో.

ఈ గ్రంథంలో మనకు మింగుడుపడనివి కూడా ఉన్నాయి. మనుషులు పుట్టుకతోనే బంగారం, వెండి, ఇత్తడి కలిసి పుడతారన్న అబద్ధపు కథను ప్రజలను నమ్మించాలంటాడు. కవులకు కత్తెర వేయాలంటాడు. పెళ్లిళ్లను పాలకులే గుట్టుగా నిర్ణయించాలంటాడు. ప్రజలకు పాలకులను దించే హక్కు ఎక్కడా ఇవ్వడు. నియంతృత్వాలకు ప్లేటో బీజం వేశాడని కార్ల్ పాపర్ అనే తత్వవేత్త 1945లో పెద్ద గ్రంథం రాసి విమర్శించింది ఇందువల్లనే.

సిరక్యూస్‌లో అగ్నిపరీక్ష

పుస్తకంలో రాసింది ఆచరణలో పెట్టే అవకాశం అరవై ఏళ్లకు వచ్చింది. క్రీ.పూ. 367లో ముసలి నియంత పోయి, అతడి కొడుకు రెండవ డయోనీసియస్ గద్దె ఎక్కాడు. వయసు ముప్పయి లోపు. ఇతడిని తీర్చిదిద్దితే ఒక దేశమే బాగుపడుతుందని డియోన్ కబురు పెట్టాడు. ప్లేటోకు అంత నమ్మకం లేదు. కాని మాటలు చెప్పడమే గానీ పనికి దిగనివాడన్న పేరు తెచ్చుకోవడానికి మనసొప్పక ఓడ ఎక్కాడు.

మొదట్లో బ్రహ్మరథం పట్టారు. యువరాజు చదువు మోజులో సభాసదులంతా క్షేత్ర గణితం మొదలుపెట్టారనీ, బొమ్మలు గీయడానికి పోసిన ఇసుకతో రాజభవనమంతా దుమ్ము లేచేదనీ ప్లూటార్క్ రాశాడు. పై అధికారికి ఏది ఇష్టమైతే ఆఫీసంతా దాన్నే ఇష్టపడటం ఆనాటిదే! నాలుగు నెలలు తిరగకముందే చాడీలు పనిచేశాయి. డియోన్ గద్దె కోసం కుట్ర పన్నుతున్నాడని యువరాజు అతడిని ఓడ ఎక్కించి దేశం దాటించాడు. ప్లేటోను గౌరవంగా కోటలోనే ఉంచుకున్నాడు, అంటే కదలనివ్వలేదు. చివరికి యుద్ధం రావడంతో ఇంటికి పంపించాడు.

క్రీ.పూ. 361లో మళ్లీ పిలుపు. ఈసారి ఏకంగా యుద్ధనౌకనే పంపాడు. మీరు వస్తేనే డియోన్ వ్యవహారం చక్కబడుతుందని షరతు. అరవై ఆరేళ్ల ప్లేటో స్నేహితుడి కోసం మూడోసారి సముద్రం దాటాడు. తత్వశాస్త్రం ఎంత శ్రమతో కూడినదో ముందే వివరించి రాజును పరీక్షించాడు. రాజు ఒక్క పాఠం విని, తనకు అన్నీ తెలుసునని ఆ విషయం మీద సొంతంగా పుస్తకం రాసేశాడు. డియోన్ ఆస్తి అమ్మేశాడు. ప్లేటోను కోట నుంచి తీసి కూలి సైనికుల మధ్య బస పెట్టించాడు. వారికి ఆయనంటే కోపం, ప్రాణానికే ముప్పు వచ్చింది. పాత మిత్రుడు ఆర్కిటాస్ ఓడ పంపి విడిపించాడు.

ఆ తరువాతి కథ మరీ విషాదం. డియోన్ క్రీ.పూ. 357లో కొద్దిపాటి సైన్యంతో వెళ్లి సిరక్యూస్‌ను పట్టుకున్నాడు. యుద్ధంలో పాలుపంచుకోవడానికి ప్లేటో ఒప్పుకోలేదు. ప్లేటో శిష్యుల్లో అత్యుత్తముడనుకున్న డియోన్ అధికారంలోకి వచ్చాక ప్రజలతో కలవలేకపోయాడు. తన ప్రత్యర్థి హెరాక్లిడీస్ హత్యకు అనుమతి ఇచ్చాడు. క్రీ.పూ. 354లో, ఏథెన్స్ నుంచి తన వెంట వచ్చిన కాలిపస్ అనేవాడి కుట్రలో తానే హతమయ్యాడు. ఈ సంగతులు చాలావరకు ప్లేటో ఏడవ లేఖగా పేరుపడిన రచనలో ఉన్నాయి. ఆ లేఖ ఆయన స్వయంగా రాసిందా లేదా అని పండితుల్లో వాదం ఉన్నా, అందులోని సంఘటనలకు అది ముఖ్యమైన ఆధారం.

మనిషి కాదు, చట్టం

డెబ్బై దాటిన ప్లేటో ఇంకో గ్రంథానికి పూనుకున్నాడు. పేరు చట్టాలు. పన్నెండు భాగాలు, ఆయన రచనలన్నిటిలో పెద్దది. ఇందులో సోక్రటీస్ లేడు. ముగ్గురు వృద్ధులు ఒక వేసవి రోజున క్రీట్ ద్వీపంలో నోసస్ నుంచి జ్యూస్ దేవుడి గుహకు నడుస్తూ, చెట్ల నీడన ఆగుతూ, కొత్తగా కట్టబోయే 5040 కుటుంబాల ఊరికి చట్టాలు ఆలోచిస్తారు.

ఇక్కడ ప్లేటో స్వరం మారింది. ఎంత మంచివాడైనా, లెక్క చెప్పనక్కరలేని అధికారం చేతికి వస్తే చెడకుండా ఉండటం మానవ స్వభావానికి అసాధ్యమని ఒప్పుకున్నాడు. కాబట్టి చట్టమే యజమాని, అధికారులు దానికి సేవకులు అన్నాడు. చట్టానికి ముందు అది ఎందుకు అవసరమో చెప్పే పీఠిక ఉండాలన్నాడు. మంచి వైద్యుడు రోగికి జబ్బేమిటో వివరించి ఒప్పించి మందిస్తాడు గానీ, గదమాయించి మింగించడు కదా అని పోల్చాడు.

చట్ట రక్షకులు 37 మంది. ఎన్నిక ద్వారా రావాలి. యాభై ఏళ్లు నిండనివారు పనికిరారు. డెబ్బై దాటితే కొనసాగకూడదు. యాభైలో వస్తే ఇరవై ఏళ్లు, అరవైలో వస్తే పదేళ్లు మాత్రమే. పదవీ విరమణ వయసు మనకే కాదు, పాలకులకు కూడా ఉండాలని రాసిన తొలి మేధావుల్లో ఆయన ఒకడు! ప్రతి అధికారికీ లెక్కల తనిఖీ. ఆ తనిఖీదారులను మరీ జాగ్రత్తగా ఎంపిక చేయాలి. వారు తప్పు చేస్తే వారి మీద కూడా విచారణ ఉంటుంది. రిపబ్లిక్‌లో కనిపించని కట్టుబాటు ఇది. యువకుడిగా తాను విసుక్కున్న ఏథెన్స్ ప్రజాస్వామ్యంలోని లెక్క అప్పగింతనే వృద్ధుడిగా తెచ్చి తన ఊరికి పునాదిరాయి చేశాడు. దైవాన్ని నమ్మనివారికి కఠిన శిక్షల వంటివి ఈ గ్రంథంలోనూ ఉన్నాయి, అన్నీ మెచ్చుకోలేం. కాని గట్టి మనిషిని వెతకడం మాని, గట్టి నియమాలను వెతకడం మొదలుపెట్టడం పెద్ద మలుపు.

చివరి రోజులు, శిష్యుడి జవాబు

ప్లేటో క్రీ.పూ. 347లో సుమారు ఎనభై ఏళ్ల వయసులో ఏథెన్స్‌లో కన్నుమూశాడు. పెళ్లి చేసుకోలేదు. చట్టాలు గ్రంథం అప్పటికి మైనపు పలకల మీదనే ఉందని, ఫిలిప్ అనే శిష్యుడు ఎత్తి రాశాడని చెబుతారు. ఆయన వీలునామాగా మనకు దక్కిన దానిలో రెండు పొలాలు, కొద్ది వెండి సామాను ఉన్నాయి, అప్పులు లేవు. అర్టెమిస్ అనే బానిస స్త్రీకి విడుదల ఇచ్చి, మరి నలుగురు బానిసలను ఆస్తితో పాటు రాశాడు. న్యాయం గురించి అంతగా ఆలోచించిన మనిషి కూడా తన కాలపు గోడ దాటలేకపోయాడు. అకాడమీ బాధ్యత పొటోని కొడుకు స్ప్యూసిపస్‌కు వచ్చింది.

గురువు ప్రశ్నకు అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో వేరే జవాబు ఇచ్చాడు. ఒక్కడు ఖర్చు పెట్టి చేసే విందు కన్నా పదిమంది పదిరకాలు తెచ్చి చేసే విందు బాగున్నట్టే, విడివిడిగా సామాన్యులైనా నలుగురూ కూడితే మంచి నిర్ణయం రావచ్చు. పైగా ఇల్లు బాగుందో లేదో కట్టిన మేస్త్రీ కన్నా అందులో కాపురముండేవాడికి ఎక్కువ తెలుసు. వంట సంగతి వంటవాడి కన్నా తిన్నవాడే చెప్పాలి. పాలన చేయడానికి నేర్పు కావాలన్న ప్లేటో మాట నిజమే. ఆ పాలన ఎలా ఉందో తీర్పు చెప్పే హక్కు దానికింద బతికేవారిది అన్న అరిస్టాటిల్ మాట కూడా నిజమే.

క్రీ.పూ. 86లో రోమన్ సేనాని సుల్లా ఏథెన్స్ ముట్టడిలో ఆ తోటలోని చెట్లు కొట్టించాడు. ప్లేటో పేరున తరువాత సాగిన తత్వ బోధన క్రీ.శ. 529లో జస్టీనియన్ చక్రవర్తి ఆజ్ఞతో ఆగిపోయింది. ఈనాడు ఆ స్థలం ఏథెన్స్ నగరంలో ఒక పార్కు. పిల్లలు ఆడుకుంటారు, వృద్ధులు నడకకు వస్తారు.

మనకు మిగిలేది

ముప్పయి, ముప్పయి అయిదేళ్లు సర్వీసు చేసిన మనకు ప్లేటో జీవితం ఏం చెబుతుంది? సమర్థుడైన అధికారి వస్తే ఆఫీసు ఎలా మారిపోతుందో మనం చూశాం. అదే సమర్థుడు అడిగేవాడు లేకపోతే ఎలా మారిపోతాడో కూడా చూశాం. ప్లేటో మొదటి సంగతిని రిపబ్లిక్‌లో రాశాడు, రెండో సంగతిని సిరక్యూస్‌లో నేర్చుకున్నాడు. నేర్పు, నిస్వార్థం, లెక్క అప్పగింత అనే మూడింటిలో ఏ ఒక్కటి తగ్గినా ఓడ గట్టు చేరదు.

ఈసారి మనవలు, మనవరాళ్లు ఓటు గురించి సలహా అడిగినప్పుడు వారికి ఏ పేరూ చెప్పనక్కరలేదు. నిలబడ్డవాడికి ఆ పని వచ్చా, ఆ పనిలో సొంత లాభం ఎంత చూసుకుంటున్నాడు, రేపు లెక్క అడిగితే చెబుతాడా అని మూడు ప్రశ్నలు చేతికిస్తే చాలు. వీలుంటే ఏథెన్స్ వారి పాత ప్రశ్న కూడా ఒకటి చేర్చవచ్చు: కన్న తల్లిదండ్రులను సరిగా చూసుకుంటున్నాడా?